పాత జిప్సీలో మల్లితో పెన్న వెంట: బండి సిద్ధం చేయడానికి సలహాలు కావాలి

కావలి కెరటం
నవంబర్ 9, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక పెన్న వెంట పోదామనుకుంటున్నాం. ఊటుకూరు దగ్గర నది సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, ప్రవాహానికి ఎదురుగా నంది కొండల దాకా. నది పొడవు 597 కిలోమీటర్లు, రోడ్డు మీద అంతకంటే ఎక్కువే అవుతుంది. జొన్నవాడ, సంగం, సోమశిల, సిద్ధవటం, పుష్పగిరి, గండికోట, తాడిపత్రి, పామిడి, పెన్నహోబిలం, హిందూపురం, గౌరిబిదనూరు. పది పన్నెండు రోజులు అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, మల్లి.

మల్లి మా నాటు కుక్క. నాలుగేళ్ళు, 18 కేజీలు. తుమ్మలపెంట బీచ్‌లో వలల మధ్య ముడుచుకుని పడుకున్న పిల్లని తెచ్చుకున్నాం. మేం లేకుండా ఒక్క పూట కూడా అన్నం ముట్టదు, అందుకే వదిలి పోలేం.

బండి 2004 జిప్సీ కింగ్, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ కాకుండా ఇంజెక్షన్ ఇంజను), పైన గుడ్డ టాపు. ఆరేళ్ళ కిందట చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ వాళ్ళ దగ్గర కొన్నా. ఫ్రీ వీలింగ్ హబ్‌లు (ముందు చక్రాలని లోపలి షాఫ్టుకి కలిపే, విడదీసే లాకులు) పాత ఓనరే వేయించాడు. ఆర్‌సీ 2024లో రెన్యువల్ అయింది. ఏసీ లేదు.

నేను రాసుకున్న జాబితా: పెద్ద టైర్లు, రెండంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), పైన రాక్, రాక్ మీద టెంట్, ముందు వించ్ (దిగబడితే బండిని తాడుతో లాగే యంత్రం). మల్లికి వెనక ఒక పరుపు. ఇంకా ఏం కావాలో చెప్పండి.

---

రాళ్ళబాట
నవంబర్ 9, ఉదయం 9:30

జాబితా బాగుంది బ్రో. లిఫ్ట్, టైర్లు ముందు చేయించండి, మిగతావి తర్వాత. సోమశిల వెనక మట్టి దారుల్లో ఎత్తు లేకపోతే కింద రాయి తగులుతుంది.

---

కనిగిరి కంప
నవంబర్ 9, ఉదయం 10:05

మా వైపు బండికైనా కుక్కకైనా శత్రువు ఒకటే, సర్కారు తుమ్మ. చెరువు కట్టల మీద, వాగుల పక్కన కంప కొట్టి పడేసి ఉంటారు. ఆ ముల్లు టైరులో దిగితే వెంటనే తెలీదు, రాత్రంతా గాలి పోయి పొద్దున్నే కూర్చుని ఉంటుంది. ట్యూబు టైర్లయితే రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు విప్పే రాడ్లు రెండు, గాలి కొట్టే పంపు తప్పనిసరి.

కుక్క కాలికి గుచ్చుకుంటే వేళ్ళ మధ్య చూడాలి. మా వాడికి పల్లేరు కాయ గుచ్చుకుంటే నాకుతూ నాకుతూ పుండు చేసుకున్నాడు. సన్న మొనల చిమ్టా ఒకటి, చిన్న టార్చి ఒకటి సీటు పక్కనే పెట్టుకోండి. సామాన్ల అడుగున పెడితే లేనట్టే.

---

లీఫ్ స్ప్రింగ్, నెల్లూరు
నవంబర్ 9, రాత్రి 9:48

అబ్బయ్యా, ఆ జాబితా కాసేపు పక్కన పెట్టు. ఆటోనగర్‌లో 28 ఏళ్ళుగా జీపుల కింద, జిప్సీల కింద పడుకుని పని చేస్తున్నా. అందుకే చెప్తున్నా.

నీ బండి బరువే టన్ను దరిదాపు. అది మోయగలిగింది అర టన్ను. మీరిద్దరు, మల్లి, నీళ్ళు, పొయ్యి, సామాన్లు కలిస్తే సగం పైన అయిపోయింది. ఇప్పుడు నెత్తిన రాక్, దాని మీద టెంట్, ముక్కు మీద వించ్. జిప్సీ పొట్టి బండి, వెడల్పు తక్కువ. నెత్తిన బరువు పెడితే గండికోట మలుపుల్లో ఎటు ఒరుగుతుందో నీకే తెలుస్తుంది. టైరు పెద్దదైతే అదే 1300 సీసీ ఇంజను మరింత పెద్ద చక్రాన్ని తిప్పాలి, అవే బ్రేకులు దాన్ని ఆపాలి. పైగా ముందు చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్ బేరింగుల మీద భారం. ఇప్పటికే 60 దాటాక స్టీరింగ్ కొట్టుకుంటుందా, చూసుకో. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపు. కొంచెం ఆడినా బేరింగులు, షిమ్ములు (సందు సర్దే పలచటి రేకులు) చూడాలి.

క్వారీ బండి అన్నావు. గ్రానైట్ పొడి ఎక్కడెక్కడ దూరి ఉంటుందో నేను చూశా. హబ్‌లు విప్పితే గ్రీజు కాదు, బూడిద ముద్ద వస్తుంది. నకుల్ సీళ్ళు (ముందు ఇరుసు చివర గ్రీజు ఆపేవి), వీల్ బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అన్నీ విప్పి కడిగించు. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకీ శక్తి పంచే పెట్టె), ముందు వెనక ఆక్సిళ్ళు, నాలుగింట్లో ఆయిలు మార్చు. పాత ఆయిలు ఒక తెల్ల ప్లేటులో పోసి చూడు. తళతళలాడితే లోపల పళ్ళు అరుగుతున్నాయని లెక్క.

రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించు. హోసులన్నీ కొత్తవి. థర్మోస్టాట్ తీసి పారేశారేమో చూడు. మా వాళ్ళు చాలామంది ఇంజను వేడెక్కుతుందని దాన్ని పీకేస్తారు, అది తప్పు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రాత మూలకంగా లేకపోతే మార్చలేదనే అనుకో. బ్రేక్ ఆయిలు కొత్తది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఫ్యాన్ బెల్టు ఒక్కోటి స్పేరు పెట్టుకో. దారిలో పామిడిలోనో పెన్నహోబిలంలోనో జిప్సీ క్లచ్ కేబుల్ అడిగితే దొరకదు.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2004 నాటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు, గట్టిపడి పగుళ్ళిస్తాయి. ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు పోయే ప్రతి గొట్టం కొత్తది వెయ్.

ఇవన్నీ చేసే ముందు మాత్రం ఒక పని చెయ్. మీ ఆవిడ చేత గానీ, ఎవరైనా స్నేహితుడి చేత గానీ బండి తోలించు. నువ్వు వెనక, మల్లి పడుకునే చోట నేల మీద కూర్చో. కావలి నుంచి ఉదయగిరి దాకా పోయి రా, మధ్యాహ్నం పూట. వచ్చాక ఏం చేయాలో నువ్వే రాస్తావు.

---

కావలి కెరటం
నవంబర్ 10, ఉదయం 6:55

అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. ఆదివారం మా ఆవిడ తోలుతుంది, నేను వెనక కూర్చుంటా.

---

పాకల తీరం
నవంబర్ 10, రాత్రి 11:20

ఈ విషయం ఇక్కడ రాయాలా వద్దా అని రెండు గంటలు ఆలోచించా. రాయడమే మంచిదనిపించింది.

మూడేళ్ళ కిందట మాకు ఒక లాబ్రడార్ ఉండేది. పేరు బంటీ. మే నెలలో పెళ్ళికి పోతూ దారిలో భోజనానికి ఆగాం. కుక్కని లోపలికి రానివ్వం అన్నారు. బండి పాతదే, ఏసీ మాత్రం బాగా పనిచేసేది. ఇంజను ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి, అద్దాలు ఎక్కించి, బంటీని లోపల ఉంచి వెళ్ళాం. తొందరగా వచ్చేద్దాం అనుకున్నాం, అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలీదు. నిలబడిన చోట వేడెక్కి ఆగిందని తర్వాత మెకానిక్ చెప్పాడు.

బంటీ వెనక సీటు కింద, నేలకు ముక్కు ఆనించి ఉంది. తలుపు రబ్బరు మొత్తం గీరేసింది. గోళ్ళు విరిగి ఉన్నాయి. నీళ్ళు పోశాం, ఆస్పత్రికి పరుగెత్తాం. దారిలోనే పోయింది.

మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ తలుపు రబ్బరు నేను ఇప్పటికీ మార్చలేదు, మార్చడానికి చేతులు రావు.

మీరు ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి ఒక్కటే అడుగుతున్నా. ఎక్కడ ఆగినా ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు మల్లితో బయట చెట్టు కింద ఉండండి. ఐదు నిమిషాలైనా సరే. ఏ బండిలోనైనా సరే.

---

కనిగిరి కంప
నవంబర్ 10, రాత్రి 11:41

అన్నా, చదివాక నిద్ర పట్టలేదు. మీరు రాసింది మంచి పని.

---

పశువైద్యం, ఒంగోలు
నవంబర్ 11, మధ్యాహ్నం 2:15

పాకల తీరం గారూ, మీ బంటీ గురించి చదివి చాలా బాధ కలిగింది. నేను పశువుల డాక్టర్ని. ప్రతి ఎండాకాలం ఇలాంటి కేసులు మా దగ్గరికి వస్తాయి, చాలా వరకు ఆలస్యంగా. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది. అది ఒంటి వేడిని వదిలేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. నాలుక మీద, నోట్లో తడి ఆరినప్పుడు వేడి పోతుంది. మన తీరంలో ఉక్క ఎక్కువ, గాలిలో తేమ ఉంటే తడి ఆరదు. అంటే అది ఎంత రొప్పినా ఒళ్ళు చల్లబడదు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. విపరీతంగా రొప్పడం, చిక్కటి జొల్లు, చిగుళ్ళు బాగా ఎర్రబడడం, తూలడం, వాంతి కనిపిస్తే ఆస్పత్రి వెతకడం కంటే ముందు అక్కడికక్కడే చల్లబరచాలి. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోస్తూ విసరండి. పొట్ట, తొడల లోపలి వైపు మర్చిపోవద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే ఆపేస్తుంది. బలవంతంగా నోట్లో నీళ్ళు పోయొద్దు. 39.5కి రాగానే పోయడం ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి, లేచి తిరుగుతున్నా సరే. లోపలి అవయవాల దెబ్బ మర్నాడు బయటపడొచ్చు. కుక్కకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి మందుల పెట్టెలో పెట్టుకోండి.

జనవరి చివర కాబట్టి ఎండ భయం తక్కువ. కానీ తాడిపత్రి, అనంతపురం వైపు మధ్యాహ్నం తారు రోడ్డు కాలుతుంది. అరచేయి వెనక వైపు రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే మల్లిని దించకండి.

నీళ్ళు కేజీకి రోజుకి 50, 60 మిల్లీలీటర్ల లెక్కన మల్లికి లీటరు దాకా కావాలి, ప్రయాణంలో రెట్టింపు ఉంచుకోండి. ఇంట్లో ఏం తింటుందో అదే పెట్టండి. హోటల్ కూరల్లో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కలకు విషం. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు ఏమీ పెట్టకపోతే వాంతులు తగ్గుతాయి. జ్వరం వచ్చిందని మనం మింగే మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి.

ఇక గోమార్లు. మన జిల్లాల్లో నేను ఎక్కువగా చూసే జబ్బు గోమార్ల జ్వరమే. బయల్దేరే ముందు మీ డాక్టర్‌ని అడిగి గోమార్ల మాత్ర వేయించండి. అయినా రోజూ రాత్రి చెవుల లోపల, వేళ్ళ మధ్య, మెడ పట్టీ కింద చేత్తో తడిమి చూడండి. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. రేబిస్ టీకా కార్డు బండి కాగితాలతో పాటు పెట్టుకోండి, బస దొరికే చోట కూడా అడుగుతారు.

---

థార్ కొత్తబండి
నవంబర్ 11, సాయంత్రం 6:02

చిన్న డౌట్. ఘాట్ రోడ్లో గ్రిప్ కోసం ఫోర్ వీల్ వేసుకుని పోవచ్చా? వెనక కుక్క ఉంటే సేఫ్టీ కదా అని.

---

లీఫ్ స్ప్రింగ్, నెల్లూరు
నవంబర్ 11, రాత్రి 9:10

ఎండిన తారు మీద వద్దు తమ్ముడూ. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ బండ్లలో ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగానికి కట్టేసినట్టు అవుతాయి. మట్టిలో, ఇసకలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, లివర్ బయటికి రాదు, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. ఘాట్‌లో కావాల్సింది చిన్న గేరు, నిదానం.

జిప్సీ అబ్బయ్యకి కూడా చెప్తున్నా, హబ్ పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకో. చక్రం లేపి హబ్ లాక్ చేసి తిప్పితే లోపలి షాఫ్టు కూడా తిరగాలి. ఫ్రీలో పెడితే తిరగకూడదు. ఇసకలో దిగబడ్డాక తెలుసుకుంటే లాభం లేదు.

---

ఉదయగిరి గాలి
నవంబర్ 12, ఉదయం 5:50

సోమశిల దగ్గర పెన్న వెలిగొండల్ని కోసుకుని బయటికి వస్తుంది. చూడాల్సిన చోటు. కానీ ఆ చుట్టూ ఉన్నది మామూలు చిట్టడవి కాదు. ఇటు పెంచలకోన వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం, అటు సిద్ధవటం, బద్వేలు మధ్య శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. వాటి లోపలికి కుక్కని తీసుకుపోకండి. అడ్డదారి ఉందని ఎవరైనా చెప్పినా సరే.

కారణం చెప్తాను. లంకమల అడవుల్లో కలివికోడి ఉండేది. లేదనుకున్న పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నేల మీద తిరిగే పిట్ట. దాని మీదికి మన కుక్క ఒక్కసారి ఉరికినా చాలు. ఇంకో సంగతి, కుక్కల డిస్టెంపర్ జబ్బు అడవి జంతువులకూ అంటుకుంటుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు ఆ వైరస్సే బయటపడింది. మన కుక్క ఆరోగ్యంగా కనిపించినా అడవికి దూరంగా ఉంచడమే న్యాయం.

చిరుత సంగతి కూడా మర్చిపోవద్దు. కొండ పక్క ఊళ్ళల్లో చిరుత ముందు ఎత్తుకుపోయేది కుక్కనే. రాత్రి పూట మల్లిని బండికి తాడుతో కట్టి బయట పడుకోబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. గుడ్డ టాపు బండి కూడా చాలదు. గోడలున్న చోట, మనుషుల మధ్య పడుకోండి.

---

పొదిలి రంపం
నవంబర్ 14, రాత్రి 8:30

నేను వడ్రంగిని. మల్లికి పరుపు వేస్తానన్నారు. స్పాంజి పరుపు వేడి పట్టుకుంటుంది, ఒకసారి తడిసిందంటే రెండు రోజులు కంపు. మా ఇంట్లో కుక్కకి నవారు మంచం చేశా, జిప్సీకి అదే పద్ధతి చెప్తా.

వెనక బెంచీల్లో ఒకదాన్ని విప్పండి. బోల్టులు పారేయకండి, ఆ రంధ్రాలే మనకు ఆధారం. ఇనప చదరపు పైపుతో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఫ్రేము చేయించండి. నేలకు ఐదంగుళాలు ఎత్తు చాలు. నాలుగు కాళ్ళకీ అడుగున రేకు పలకలు వెల్డింగు చేయించి, రబ్బరు వాషర్లు వేసి ఆ పాత రంధ్రాలకే బిగించండి. ఊరికే పెట్టిన మంచం సడన్ బ్రేక్ కొడితే మీ వీపు మీదికి వస్తుంది.

నవారు నూలుదే తీసుకోండి. ప్లాస్టిక్ నవారు జారుతుంది, గోళ్ళు ఇరుక్కుంటాయి. పొడుగు పట్టీలు ముందు బిగించి, అడ్డ పట్టీలు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లండి. అల్లేటప్పుడు నవారు తడిపి లాగితే ఆరాక డోలు చర్మంలా బిగుస్తుంది. మధ్యలో అరచేత్తో నొక్కితే అంగుళం దిగాలి, అంతకంటే దిగితే ముసలి మంచం లెక్క. కింద నుంచి గాలి పోతుంది, నేల వేడి తగలదు, మట్టి రాలిపోతుంది. నవారు విప్పి ఉతుక్కోవచ్చు.

అంచులకు పైపు కొసలు రాకుండా మూతలు పెట్టించండి. కుక్క మూతి సరిగ్గా అదే ఎత్తులో ఉంటుంది.

---

కావలి కెరటం
నవంబర్ 17, రాత్రి 10:05

నిన్న లీఫ్ స్ప్రింగ్ అన్న చెప్పినట్టే చేశా. పన్నెండున్నరకి బయల్దేరాం. మా ఆవిడ తోలింది. మల్లి ముందు సీట్లో, నేను వెనక నేల మీద, కాళ్ళు చాపుకుని.

మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. కలిగిరి దాటేసరికి సైలెన్సర్ పోయే పక్క రేకు ఎంత కాలిందంటే, అరచేయి పెట్టి ఉంచలేకపోయా. డ్రైవర్ సీట్లో ఆరేళ్ళుగా కూర్చుంటున్నా, ఆ వేడి నాకెప్పుడూ తెలీదు. మల్లి వెనక కూర్చున్నప్పుడల్లా ఆ పక్క నుంచి లేచి ఈ పక్కకి వచ్చేది. చోటు కుదరక అల్లరి చేస్తుందని గదమాయించేవాణ్ణి. దాని పొట్ట కాలేది.

స్పేరు చక్రం ఊగుడుకి తలుపు టకటకమని కొడుతూనే ఉంది. నా చెవికే అంత నొప్పిగా ఉంటే దాని చెవికి ఎంత ఉండాలి? కూర్చుంటే సీట్ల వెనక రేకు తప్ప ఏమీ కనిపించదు. బండి ఎటు తిరుగుతుందో తెలీక ప్రతి మలుపుకీ ఒళ్ళు అటూ ఇటూ పడిపోతుంది.

వింజమూరు దగ్గరికి వచ్చేసరికి తల బరువెక్కింది. ఎండ వల్ల అనుకున్నా. ఉదయగిరి చేరేలోపు కళ్ళు మూతలు పడడం, కడుపులో తిప్పడం మొదలైంది. దిగి చెట్టు కింద కూర్చున్నాక అరగంటకి తేరుకున్నా. మా ఆవిడకి ఏమీ లేదు. ఆమె పక్కన అద్దం తీసి ఉంది. వెనక గుడ్డ మాత్రం గాలి ఆడుతుందని పైకి చుట్టి పెట్టాం.

మల్లి ఎప్పుడూ ఉదయగిరి వెళ్ళొచ్చిన రోజు రాత్రి తినేది కాదు, మగతగా పడుకునేది. బండి పడదేమో అనుకునేవాళ్ళం. అన్నా, ఇదేంటి?

---

లీఫ్ స్ప్రింగ్, నెల్లూరు
నవంబర్ 17, రాత్రి 10:31

అబ్బయ్యా, ముందు ఆ బండిలో వెనక ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. అది పొగ. సైలెన్సర్ గాలి లోపలికి వస్తోంది.

చదరంగా ఉన్న బండి ముందుకి పోతుంటే దాని వెనక గాలి పలచబడుతుంది, ఆ ఖాళీలోకి చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ వస్తుంది. వెనక గుడ్డ ఎత్తి ఉంటే సైలెన్సర్ వదిలిన పొగ ఆ సుడితో పాటు లోపలికి వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. మనకి వాసన వచ్చేది మిగతా పొగ మాత్రమే. పొద్దున్నే బండి తీసుకునిరా.

ఇంటి దగ్గరే ఒక పరీక్ష చెయ్. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, లావుపాటి తడి గుడ్డతో సైలెన్సర్ మూతి రెండు క్షణాలు ఆపు. ఎక్కడో బుస్సుమని వినపడితే అక్కడే లీకు. మ్యానిఫోల్డ్ గాస్కెట్ (ఇంజను నుంచి పొగ బయటికొచ్చే చోట ఉండే అతుకు) దగ్గర, పైపు జాయింట్ల దగ్గర నల్ల మసి చారలు ఉంటాయి. ఆరుబయట చెయ్, షెడ్డు లోపల వద్దు.

---

పశువైద్యం, ఒంగోలు
నవంబర్ 17, రాత్రి 10:52

లీఫ్ స్ప్రింగ్ గారు చెప్పింది నిజం. ఆ వాయువు రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మగత, వాంతి, తూలడం దాని లక్షణాలే. మల్లిని ఒకసారి మీ డాక్టర్‌కి చూపించండి. మీకు తలనొప్పి తగ్గకపోతే మీరూ చూపించుకోండి.

---

రాళ్ళబాట
నవంబర్ 18, ఉదయం 8:15

నేను మొదట లిఫ్ట్, టైర్లు అని రాశాను. నా బండిలో వెనక ఎవరు కూర్చుంటారో ఎప్పుడూ ఆలోచించలేదు. మా పిల్లలే కూర్చుంటారు. ఈ రోజే గుడ్డ పరీక్ష చేస్తాను.

---

కావలి కెరటం
డిసెంబర్ 21, రాత్రి 9:00

నెల రోజులుగా అన్నగారి షెడ్డులోనే ఉంది బండి. ఫలితం రాస్తున్నా.

గాస్కెట్ ఒక మూల పూర్తిగా కాలిపోయింది. మధ్య పైపు జాయింటు దగ్గర చిటికెన వేలు పట్టేంత రంధ్రం. రెండేళ్ళ కిందట ఒక షెడ్డులో సైలెన్సర్ మార్చి, ఆ జాయింటుకి పుట్టీ లాంటిదేదో పూసి పంపారు. అది రాలిపోయింది. ఇప్పుడు కొత్త పైపు, కొత్త గాస్కెట్. చివర పైపుని బంపరు దాటించి పక్కకి తిప్పారు. వెనక గుడ్డ పూర్తిగా మూసేసి, ముందు అద్దాలు తీసి నడపాలని అన్న గట్టిగా చెప్పారు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మల్లి మూతి ఎత్తులో బిగించాం. ఈ బిగింపులన్నీ అయ్యాక రెండు గంటలు తిరిగాం, ఒక్కసారి కూడా మోగలేదు.

హబ్‌లో గ్రానైట్ పొడి అన్న చెప్పినట్టే ముద్దగా వచ్చింది. ఎడమ హబ్ అసలు లాకే కావడం లేదు, ఇన్నాళ్ళూ ఫోర్ వీల్ వేసినా వెనక రెండు చక్రాలతోనే అనుకుంటా మట్టి దారులు తిరిగింది. ట్యాంకు దగ్గర గొట్టం మడత పెట్టగానే పగుళ్ళు కనిపించాయి, అన్నీ మార్చాం. వెనక బాడీ బోల్టుల దగ్గర ఉప్పుగాలికి తుప్పు పట్టి, సుత్తితో తడితే డొల్ల మోత వచ్చింది. అక్కడ రేకు కోసి కొత్తది అతికి, లోపల తుప్పు మందు కొట్టించాం. డబ్బులన్నీ వీటికే అయ్యాయి. లిఫ్ట్, వించ్, టెంట్ మానేశాం.

నేల మీద వేడి ఆపే షీటు, దాని మీద కొబ్బరి పీచు చాప, దాని మీద పొదిలి రంపం గారి నవారు మంచం. నవారు మా అమ్మ అల్లింది. అంచు పట్టీ మూడుసార్లు విప్పి మళ్ళీ లాగింది, అరచేయి పెట్టి అంగుళం దిగుతుందో లేదో చూసుకుంటూ. మల్లికి ఛాతీ చుట్టూ వచ్చే వెడల్పు హార్నెస్ కొన్నాం. సీటు బెల్టు పట్టీతో చేయించిన రెండు పొట్టి తాళ్ళు నేల బోల్టులకి. లేచి నిలబడగలదు, పడుకోగలదు, బయటికి దూకలేదు. మెడ పట్టీకి కట్టొద్దని డాక్టర్ గారు ఫోరమ్ మెసేజ్‌లో ప్రత్యేకంగా చెప్పారు.

మంచం మీద పడుకుంటే దానికి ఇప్పుడు మా ఇద్దరి భుజాల మధ్య నుంచి రోడ్డు కనిపిస్తుంది. నిన్న మళ్ళీ ఉదయగిరి పోయొచ్చాం. రాత్రి అన్నం గిన్నె మొత్తం నాకేసింది.

---

పాకల తీరం
డిసెంబర్ 21, రాత్రి 9:34

గిన్నె నాకేసిందన్న మాట మా అబ్బాయికి చదివి వినిపించా. సింగరాయకొండ వైపు వస్తే మల్లిని ఒకసారి చూపించండి, వాడు అడుగుతున్నాడు.

---

కావలి కెరటం
డిసెంబర్ 21, రాత్రి 9:40

తప్పకుండా అన్నా. బయల్దేరే ముందు ఆదివారమే వస్తాం. బాబుకి చెప్పండి.

---

ఉదయగిరి గాలి
జనవరి 18, ఉదయం 6:10

సోమశిల దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి. సిద్ధవటం వైపు అడవి దారి పగటి పూటే దాటేయండి, మల్లిని ఎక్కడా దించకుండా.

---

లీఫ్ స్ప్రింగ్, నెల్లూరు
జనవరి 20, రాత్రి 8:55

రేపేగా. క్లచ్ కేబుల్ ఎక్కడ పెట్టావ్ అబ్బయ్యా?

---

కావలి కెరటం
జనవరి 20, రాత్రి 9:02

డ్రైవర్ సీటు కింద, చిమ్టా, టార్చి పక్కన. పొద్దున ఐదింటికి ఊటుకూరులో ఉంటాం అన్నా. మల్లి ఇప్పటికే మంచమెక్కి కూర్చుంది, దిగమంటే దిగడం లేదు.